లెక్క అడిగేదెవరు? అమెరికా నల్లజాతి మేధావుల బాధ్యత మీద నూటపాతికేళ్ళ చర్చ

అమెరికాలో బానిసత్వం 1865లో చట్టరీత్యా రద్దయి ఒక తరం గడిచేసరికి, కళాశాల చదువు పూర్తిచేసి ఉపాధ్యాయులుగా, మతాచార్యులుగా, పత్రికా సంపాదకులుగా, న్యాయవాదులుగా స్థిరపడిన నల్లజాతి స్త్రీపురుషుల చిన్న సముదాయం ఒకటి ఏర్పడింది. వారి తోడబుట్టినవారూ ఊరివారూ మాత్రం దక్షిణాది రాష్ట్రాల్లో భూస్వామి పొలాన్ని పాలుకు చేస్తూ, పంట చేతికొచ్చిన ప్రతిసారీ విత్తనాల బాకీ, కొట్టు బాకీ కింద దాన్ని ఒప్పజెప్పి, మళ్ళీ అప్పుతోనే కొత్త ఏడాది మొదలుపెట్టే స్థితిలో ఉండిపోయారు. చదువుకొన్న ఆ కొద్దిమందికి చదువుకోని ఆ అనేకుల పట్ల ఉన్న బాధ్యత ఏమిటి, అది ఎక్కడినుంచి పుడుతుంది, దాన్ని నెరవేర్చారో లేదో తేల్చేదెవరు అన్న ప్రశ్నల మీద అప్పటినుంచి సాగుతున్న చర్చను సమీక్షించడం ఈ వ్యాసం పని. ఇక్కడ మేధావి అంటే విశ్వవిద్యాలయ ఆచార్యుడు మాత్రమే కాదు. ఆలోచననూ రాతనూ బోధననూ వృత్తిగానో వ్రతంగానో చేపట్టినవారందరూ ఆ మాట కిందికి వస్తారు. మొదటి రెండు ప్రశ్నల మీద గ్రంథాలు గుట్టలుగా ఉన్నాయి. మూడోదాన్ని సూటిగా పట్టించుకొన్నవారు తక్కువ. అయినా ఈ చర్చలో కాలానికి నిలిచిన సమాధానాలు ఎక్కువగా ఆ మూడో ప్రశ్నను ఎదుర్కొన్నవారి దగ్గరే కనిపిస్తాయి.

చర్చకు మొదటి సంస్థారూపం 1897 మార్చిలో వాషింగ్టన్‌లో వచ్చింది. సుమారు రెండు దశాబ్దాలు లైబీరియాలో గడిపి వచ్చిన వృద్ధ మతాచార్యుడు అలెగ్జాండర్ క్రమ్మెల్ అక్కడ అమెరికన్ నీగ్రో అకాడమీని స్థాపించాడు. ఎంపికచేసిన పండితులు శాస్త్రాన్నీ సాహిత్యాన్నీ పెంచితే ఆ వెలుగు క్రమంగా కింది జనానికి చేరుతుందనేది ఆయన నమ్మకం. సభ్యుల సంఖ్యకు 50 అని హద్దు పెట్టుకొని, నిబంధనల్లో పురుషులకే చోటిచ్చిన ఆ సంస్థ 1928 దాకా నడిచింది, విలువైన పత్రాలు ప్రచురించింది, కానీ ఎవరి మేలుకోసం పుట్టానని చెప్పుకొందో ఆ జనంతో దానికి సంబంధం ఏర్పడలేదు. దీనికి ఎదురుగా అలబామాలో 1881నుంచి టస్కిగీ విద్యాలయాన్ని నడుపుతున్న బుకర్ టి. వాషింగ్టన్, పాండిత్యం కంటే చేతిపని, పొదుపు, సొంత ఇల్లు ముఖ్యమని బోధించి, 1895 నాటి అట్లాంటా ప్రసంగంలో రాజకీయ హక్కుల పట్టుదలను సడలించినట్టు మాట్లాడి, ఉత్తరాది ధనవంతుల విరాళాలకు ద్వారపాలకుడయ్యాడు. ఆయనే ఓటుహక్కును హరించిన అలబామా రాజ్యాంగం మీద నడిచిన వ్యాజ్యాలకు రహస్యంగా డబ్బు సమకూర్చాడని తర్వాతి చరిత్రకారులు బయటపెట్టారు. ఇది ఆయన నిజాయితీకి రుజువని కొందరంటారు. కావచ్చు, కానీ రహస్యంగా నెరవేర్చిన బాధ్యతను ఎవరికోసం నెరవేర్చారో వారు ప్రశ్నించలేరు, సరిదిద్దలేరు, చివరికి మెచ్చుకోనూ లేరు. వాషింగ్టన్ బహిరంగంగా జవాబు చెప్పుకొన్నది దాతలకు.

డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ దగ్గర ఈ ప్రశ్న అన్ని మలుపులూ తిరిగింది కనుక ఆయన దగ్గర ఎక్కువసేపు ఆగవలసి ఉంటుంది. 1895లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతీయుడైన డుబోయిస్‌కు మరుసటి ఏడాది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఫిలడెల్ఫియా ఏడో వార్డులోని నల్లజాతి జనాన్ని పరిశీలించే పని అప్పగించింది. దాదాపు 10 వేలమంది నల్లజాతీయులు నివసించిన ఆ వార్డులోనే భార్యతో కాపురం పెట్టి, ఇంటింటికీ స్వయంగా తిరిగి, ఉపాధి, అద్దె, కుటుంబం, నేరం, చర్చి వంటి విషయాలను లెక్కగట్టి 1899లో 'ద ఫిలడెల్ఫియా నీగ్రో' ప్రచురించాడు. పేదరికానికి మూలం జాతిలక్షణంలో లేదని, ఉద్యోగాల్లో వేర్పాటూ చరిత్రభారమూ దానికి కారణమని అంకెలతో నిరూపించిన తొలి గ్రంథాల్లో అది ఒకటి. అదే గ్రంథంలో అడుగువర్గం మీద పైవర్గపు నీతివాక్యాలూ ఉన్నాయి. తలుపు తట్టి ప్రశ్నలడిగిన ఈ యువ పండితుణ్ణి కొందరు అనుమానంగా చూశారని ఆయనే తర్వాత రాసుకొన్నాడు. 1903లో వెలువడిన 'ప్రతిభావంతులైన పదోవంతు' వ్యాసం ఈ ద్వంద్వానికి సిద్ధాంతరూపం: ప్రతి పదిమందిలో ఒకరిని ఉన్నత విద్యతో తీర్చిదిద్దితే వారు మిగతా తొమ్మిదిమందిని పైకి తెస్తారనేది దాని సారం. ఆ పదబంధాన్ని మొదట వాడినవాడు శ్వేతజాతి బాప్టిస్టు విద్యావేత్త హెన్రీ మోర్‌హౌస్. దాన్ని ఒక కార్యక్రమంగా మార్చింది డుబోయిస్.

ఆ వ్యాసానికి ముందే ఆయన నమ్మకానికి ఒక దెబ్బ తగిలింది. 1899 ఏప్రిల్‌లో జార్జియాలో శామ్ హోస్ అనే కూలీని మూక చంపింది. విచారణ లేకుండా జనం గుంపుగా చేసే ఈ హత్యలను లించింగ్ అనేవారు. ఆనాటి దక్షిణాదిలో అవి బహిరంగ ఉత్సవాల్లా జరిగేవి. ఈ విషయమై నిదానంగా వాదిస్తూ రాసిన ప్రకటనతో పత్రికా కార్యాలయానికి బయలుదేరిన డుబోయిస్, హోస్ వేలి కణుపులను ఒక దుకాణంలో ప్రదర్శనకు పెట్టారని దారిలో విని వెనుదిరిగాడు. వాస్తవాలు చూపిస్తే లోకం మారుతుందన్న శాస్త్రజ్ఞుడి విశ్వాసం ఆరోజు సడలిందని ఆయన స్వీయచరిత్ర చెబుతుంది. అయితే ఆచార్య పదవిని వదిలి, కొత్తగా ఏర్పడిన జాతీయ నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో పత్రికా సంపాదకుడిగా చేరడానికి ఆయనకు మరో 11 ఏళ్ళు పట్టింది. ఆ పత్రిక 'ద క్రైసిస్' 1919 నాటికి లక్ష ప్రతులకు చేరింది. పాఠకులు చెల్లించే నాణేల మీదే నడిచినంతకాలం సంపాదకుడు సంఘం పాలకవర్గాన్ని లక్ష్యపెట్టకుండా రాయగలిగాడు, ఆర్థిక మాంద్యంలో చందాలు తగ్గి పత్రిక సంఘం నిధుల మీద ఆధారపడ్డాక 1934లో వైదొలగక తప్పలేదు. మేధావి స్వేచ్ఛకూ అతనికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నదానికీ ఉన్న సంబంధం ఇంత స్పష్టంగా కనిపించే సందర్భాలు అరుదు.

1948లో, 80 ఏళ్ళ వయసులో, ఉన్నతవర్గ నల్లజాతీయుల సోదర సంఘమైన సిగ్మా పై ఫై సభలో డుబోయిస్ తన పాత సిద్ధాంతాన్ని తానే విమర్శకు పెట్టాడు. చదువు దానంతట అదే త్యాగబుద్ధిని తెస్తుందని తాను అనుకొన్నానని, అది స్వార్థాన్నీ పెంచవచ్చని ముందుగా చూడలేకపోయానని ఒప్పుకొని, పదోవంతు స్థానంలో మరింత చిన్నదైన, క్రమశిక్షణకు లోబడిన 'మార్గదర్శక నూరోవంతు'ను ప్రతిపాదించాడు. సుఖంగా స్థిరపడ్డ వైద్యులూ న్యాయవాదులూ కూర్చున్న సభలో ఆ మాటలు చెప్పడానికి ధైర్యం కావలసిందే. కానీ కొత్త ప్రతిపాదనలోనూ నూరోవంతును ఎంచుకొనేది ఆ నూరోవంతే. మిగతా 99 మందికి అందులో ఓటు లేదు.

డుబోయిస్ సిద్ధాంతం చుట్టూనే చరిత్రను అల్లడం వల్ల ఈ రంగంలో జరిగిన పెద్ద నష్టం, అదేకాలంలో స్త్రీలు చేసిన ఆలోచన అడుగున పడిపోవడం. బానిసగా పుట్టిన ఆన్నా జూలియా కూపర్ 1892లోనే 'ఎ వాయిస్ ఫ్రమ్ ద సౌత్' గ్రంథంలో, జాతి ప్రగతిని దాని అగ్రగణ్యులైన పురుషులను చూసి కాక, ఆ జాతిలో అందరికంటే వెనకనున్న స్త్రీ స్థితిని చూసి కొలవాలని వాదించింది. 1925లో, 66 ఏళ్ళ వయసులో పారిస్‌లోని సోర్బాన్ నుంచి డాక్టరేట్ పొందిన ఈ పండితురాలు తర్వాతి దశాబ్దాల్లో పగలంతా పనిచేసుకొనేవారికోసం వాషింగ్టన్‌లో ఫ్రీలింగ్‌హైసెన్ అనే సాయంకాల విద్యాలయాన్ని నడిపింది. స్థలం కరువైనప్పుడు దాన్ని తన ఇంట్లోకే మార్చుకొంది. హేజెల్ కార్బీ 1998లో 'రేస్ మెన్' గ్రంథంలోనూ, జాయ్ జేమ్స్ 1997లో పదోవంతు సిద్ధాంతం మీద రాసిన విమర్శలోనూ చూపినట్టు, మేధావి అనగానే కోటు తొడుక్కొన్న పురుషుడే స్ఫురించడం ఈ సంప్రదాయానికి పుట్టుకతో వచ్చిన లోపం.

పత్రికా రచయిత్రి ఐడా బి. వెల్స్ కృషి ఈ చర్చకంతటికీ గీటురాయి వంటిది. 1892లో మెంఫిస్‌లో కిరాణా దుకాణం నడుపుకొంటున్న ముగ్గురు నల్లజాతి వ్యక్తులను మూక చంపినప్పుడు, వారిలో ఒకరు తన ఆప్తమిత్రుడు కావడంతో, లించింగ్‌కు అత్యాచారమే కారణమన్న వాడుక మాటను ఆమె పరిశోధించడం మొదలుపెట్టింది. నల్లజాతి సాక్షులను నమ్మరన్న ఎరుకతో శ్వేతజాతి పత్రికల్లోని వార్తలనే ఏరి, ఏ ఏడాది ఎందరిని ఏ నెపంతో చంపారో 1895 నాటి 'ఎ రెడ్ రికార్డ్'లో పట్టికలు వేసింది. అప్పటికే మెంఫిస్‌లో ఆమె పత్రికా కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. ఆమె మళ్ళీ అక్కడ కాపురం ఉండలేకపోయింది. 1919లో ఆర్కాన్సా రాష్ట్రంలోని ఎలైన్ ప్రాంతంలో పత్తికి న్యాయమైన ధర కోరుతూ సంఘం పెట్టుకొన్న పాలు రైతులను పెద్దసంఖ్యలో ఊచకోత కోసి, బతికినవారిలో 12 మందికి మరణశిక్ష వేసినప్పుడు, వెల్స్ ఖైదీల బంధువుల్లో ఒకరిలా జైలులోకి వెళ్ళి వారి నోటివెంటే కథనాన్ని సేకరించింది. పోగొట్టుకొన్న పంట, పశువులు, సామాన్ల విలువను కూడా అందులో నమోదు చేసి 1920లో పుస్తకంగా అచ్చువేసింది. ఇతరుల న్యాయపోరాటం ఫలించి 1923లో సుప్రీంకోర్టు మూర్ వర్సెస్ డెంప్సీ తీర్పుతో ఆ శిక్షల్లో కొన్నింటికి అడ్డుకట్ట వేసింది. చివరికి పన్నెండుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. వెల్స్ పరిశోధనను చదివి తప్పుపట్టగలిగినవారు ఆ రైతులే, ఎందుకంటే వారి మాటలే అందులో సాక్ష్యం. అటువంటి మనిషి పేరు 1909లో ఎన్‌ఏఏసీపీ స్థాపక కమిటీ జాబితాను మొదట చదివినప్పుడు అందులో లేకపోవడం, లెక్క అడిగే అలవాటున్నవారిని సంస్థలు ఎలా చూస్తాయో చెబుతుంది.

తర్వాతి మూడు దశాబ్దాలను త్వరగా దాటవచ్చు. బొగ్గుగనుల్లో పనిచేసి, హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందిన కార్టర్ జి. వుడ్‌సన్ 1915లో నల్లజాతి చరిత్ర అధ్యయన సంఘాన్ని స్థాపించి, 1926లో చరిత్ర వారోత్సవాన్ని ప్రారంభించి, 1933లో 'ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ ద నీగ్రో'లో, చదువుకొన్నవాడికి తన జనంమీదే చులకనభావం కలిగించే విద్యాపద్ధతిని దుయ్యబట్టాడు. హార్లెమ్ సాహిత్య వికాసకాలంలో కళ ప్రచారానికి పనికిరావాలని డుబోయిస్, కళాకారుడికి తన జనపు మంచిచెడ్డలన్నీ నిర్భయంగా రాసే హక్కుందని లాంగ్‌స్టన్ హ్యూస్ 1926లోనే వాదించారు. ఆ వాదం సారస్వత విమర్శకు చెందినదిగా ఎదిగింది. పేదజనం పట్ల బాధ్యత అన్న అంశానికి అది చేర్చింది స్వల్పం.

అసలైన మలుపు దక్షిణ కరోలైనా తీరంలోని జాన్స్ ఐలండ్‌లో వచ్చింది. అక్కడ ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలోని భాగాన్ని చదివి వినిపించాల్సి ఉండేది. చదువులేని నల్లజాతి రైతులను ఓటుకు దూరంగా ఉంచడానికే ఆ పరీక్ష. 1916లోనే ఆ దీవిలో బడిపంతులుగా ఉద్యోగం మొదలుపెట్టిన సెప్టిమా క్లార్క్, ఎన్‌ఏఏసీపీ సభ్యత్వాన్ని వదులుకోవడానికి నిరాకరించినందుకు 1956లో దశాబ్దాల సర్వీసు తర్వాత ఉద్యోగాన్నీ పింఛనునూ పోగొట్టుకొంది. టెనెసీలోని హైలాండర్ శిక్షణ కేంద్రంలో చేరి, దీవికి చెందిన ఈసా జెంకిన్స్‌తో కలిసి 1957 జనవరిలో ఒక సహకార దుకాణం వెనకగదిలో వయోజనుల బడి తెరిపించింది. బోధించడానికి పండితులను కాక బెర్నీస్ రాబిన్సన్ అనే కేశాలంకరణ వృత్తిదారును ఎంచుకొన్నారు. శిక్షణ పొందిన ఉపాధ్యాయులైతే పిల్లల వాచకాలు చేతికిచ్చి పెద్దవాళ్ళను చిన్నబుచ్చుతారని క్లార్క్ భయం. రాబిన్సన్ మొదటిరోజే పాఠ్యప్రణాళిక పక్కనపెట్టి, మీకు ఏం నేర్చుకోవాలని ఉందని అడిగింది. సంతకం చేయడం, బైబిలు చదవడం, మనియార్డరు ఫారం నింపడం, ఓటరు పరీక్ష నెగ్గడం అని వచ్చిన జవాబులే పాఠాలయ్యాయి. పౌరసత్వ పాఠశాలలుగా పేరొందిన ఈ బడులు 1961లో మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ చేతికి వచ్చి దక్షిణాది అంతటా విస్తరించాయి. పాఠం బాగోకపోతే విద్యార్థి మర్నాడు రావడం మానేస్తాడు. వచ్చినవాడు ఓటరు పరీక్షలో తప్పితే ఊరంతటికీ తెలుస్తుంది. ఏ విశ్వవిద్యాలయపు మూల్యాంకన సంఘం కంటే ఇది కఠినమైన తనిఖీ.

క్లార్క్‌కు సమకాలికురాలైన ఉద్యమ నిర్వాహకురాలు ఎల్లా బేకర్ ఇదే అనుభవం నుంచి ఒక సూత్రం రాబట్టింది. నాయకుడి చుట్టూ గుంపు కాక, గుంపులోనుంచి నాయకత్వం పెరగాలని, మేధావి పని అందుకు వీలు కల్పించి పక్కకు తప్పుకోవడమని ఆమె భావించింది. 1960 ఏప్రిల్‌లో ఆమె చొరవతో రాలీ పట్టణంలో పుట్టిన విద్యార్థి సమన్వయ సంఘం ఎస్‌ఎన్‌సీసీ ఆ పద్ధతినే అనుసరించింది. హార్వర్డ్‌లో తత్త్వశాస్త్రం చదివి న్యూయార్క్‌లో గణితం బోధిస్తున్న బాబ్ మోజెస్ 1961లో ఆ సంఘం తరఫున మిసిసిపీకి వెళ్ళి ఓటర్ల నమోదు ప్రారంభించాడు. ఆయనకు తోడుగా తిరిగిన హెర్బర్ట్ లీ అనే రైతును ఆ సెప్టెంబర్‌లోనే ఒక రాష్ట్ర శాసనసభ్యుడు కాల్చి చంపి, ఆత్మరక్షణ అని చెప్పి తప్పించుకొన్నాడు. నిజం చెప్పడానికి సిద్ధపడ్డ సాక్షి లూయిస్ అలెన్‌ను 1964 జనవరిలో చంపేశారు. బాధ్యత గురించి రాసిన సైద్ధాంతిక గ్రంథాలు ఎక్కువగా దాటవేసే సంగతి ఇది: మేధావి తెచ్చిన ఆలోచనకు మూల్యం చెల్లించేది చాలాసార్లు స్థానికుడు, ఎందుకంటే బయటివాడికి తిరిగి వెళ్ళడానికి ఒక ఊరుంది. మోజెస్ ఈ భారాన్ని చివరిదాకా మోశాడనడానికి 1980ల్లో ఆయన ప్రారంభించిన ఆల్జీబ్రా ప్రాజెక్టు సాక్ష్యం. పేదపిల్లలకు బీజగణితం రాకపోవడం పాతకాలపు ఓటరు పరీక్షలాంటి అడ్డుగోడేనన్న అవగాహనతో ఆయన మిసిసిపీ బడులకు తిరిగివెళ్ళి ఏళ్ళతరబడి లెక్కలు చెప్పాడు.

ఇక్కడినుంచి చర్చ రెండు పాయలుగా చీలుతుంది. మొదటిది నిజం చెప్పడానికి సంబంధించింది. హోవర్డ్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1939లో నల్లజాతి కుటుంబం మీద రాసిన గ్రంథంలో, బానిసత్వమూ నగరాలకు వలసా కుటుంబ నిర్మాణాన్ని ఎలా దెబ్బతీశాయో వివరించాడు; 1957లో ఆంగ్లంలో వచ్చిన 'బ్లాక్ బూర్జువాజీ'లో తన వర్గపు ఆడంబరాలనూ, పేదలతో దానికి తెగిన బంధాన్నీ నిర్దాక్షిణ్యంగా ఎండగట్టాడు. ఆయన చనిపోయిన మూడేళ్ళకు, 1965లో, కార్మికశాఖ అధికారి డేనియల్ మొయినిహన్ తయారుచేసిన నివేదిక ఫ్రేజియర్ పరిశోధననే ఆధారం చేసుకొని, నల్లజాతి పేదరికానికి కేంద్రం కుటుంబ విచ్ఛిత్తి అన్నట్టు చిత్రించింది. ఫ్రేజియర్ గ్రంథంలోని చారిత్రక కారణాలు నివేదికలో వెనక్కి పోయి, లక్షణాలు ముందుకు వచ్చాయి. ఆ తర్వాత పేదపేటల లోపలి సంగతులు రాయడమే ద్రోహమన్న భావం బలపడింది. విలియం జూలియస్ విల్సన్ 1978లో జాతివివక్ష కంటే వర్గస్థితి ముఖ్యమవుతోందని రాసినప్పుడు నల్లజాతి సామాజిక శాస్త్రవేత్తల సంఘం బహిరంగంగా నిరసించింది. 1987లో 'ద ట్రూలీ డిసడ్వాంటేజ్డ్'లో ఆయన ఆ మౌనానికే తప్పు పట్టాడు. ఫ్యాక్టరీలు మూతపడి ఉద్యోగాలు పోవడం, స్తోమతుగలవారు పేటలు వదిలిపోవడం వల్ల పేరుకొన్న కష్టాన్ని ఉదారవాదులు చెప్పకపోతే, దాన్ని పేదల స్వభావదోషంగా చెప్పేవారికి మైదానం మొత్తం వదిలినట్టేనన్నాడు. విల్సన్ వాదం ఇక్కడ బలమైనదే. అయితే ఒక గ్రంథాన్ని ఎవరు ఎలా వాడుకొంటారన్నది రచయిత చేతిలో పూర్తిగా ఉండదు గాని, వాడుకొన్నప్పుడు లేచి ఖండించడం మాత్రం అతని చేతిలోనే ఉంటుంది. ఫ్రేజియర్‌కు మృత్యువు ఆ అవకాశం ఇవ్వలేదు.

రెండో పాయ, సముదాయం అన్నది ఒకే గొంతు కాదన్న గుర్తింపుతో మొదలవుతుంది. 1979 తొలి నెలల్లో బోస్టన్‌లో నల్లజాతి స్త్రీలు వరుసగా హత్యకు గురవుతున్నప్పుడు, సమాజంలోని పెద్దలు దాన్ని కేవలం జాతి సమస్యగా చూసి, స్త్రీలను ఇల్లు కదలవద్దని హితవు చెప్పారు. కొంబాహీ రివర్ కలెక్టివ్ అనే నల్లజాతి స్త్రీవాద బృందం బార్బరా స్మిత్ చొరవతో ఒక కరపత్రం అచ్చువేసి, ఈ హత్యలు జాతికీ స్త్రీత్వానికీ రెండింటికీ సంబంధించినవని వాదించి, ఆత్మరక్షణకు ఆచరణయోగ్యమైన సూచనలు చేర్చింది. హతుల సంఖ్య పెరిగినకొద్దీ కరపత్రం శీర్షికలోని అంకెను కొట్టేసి కొత్త అంకె వేస్తూ పంచారు. కాతీ కోహెన్ 1999లో 'ద బౌండరీస్ ఆఫ్ బ్లాక్‌నెస్'లో ఎయిడ్స్ మహమ్మారి పట్ల నల్లజాతి పత్రికలూ చర్చిలూ సంస్థలూ చూపిన జాగును పరిశీలించి, అణచివేతకు గురైన సమూహంలోని పెద్దలే తమలోని స్వలింగ సంపర్కులనూ మత్తుమందుల బాధితులనూ అంచుకు నెట్టే తీరును విశ్లేషించింది. మేరీ పాటిల్లో 2007లో షికాగోలో తాను స్వయంగా ఇల్లు కొనుక్కొన్న పేట గురించి రాస్తూ, చదువుకొన్న నల్లజాతి మధ్యతరగతి, నగరపాలకులకూ పేదలకూ మధ్య దళారిగా నిలిచి, కొన్నిసార్లు పేదలకోసం బేరమాడుతూనే కొన్నిసార్లు వారి ప్రభుత్వ గృహాల తొలగింపును సమర్థించడాన్ని దాచకుండా చూపింది. జేమ్స్ ఫోర్మన్ జూనియర్ 2017 గ్రంథం 'లాకింగ్ అప్ అవర్ ఓన్' వాషింగ్టన్ నగరంలో కఠినశిక్షల విధానానికి నల్లజాతి అధికారులూ ఓటర్లూ ఎలా మద్దతిచ్చారో వివరించాక, సముదాయం కోరిందే చేయాలన్న సులువైన సూత్రం నిలబడదు. జనం పోలీసులతోపాటు ఉద్యోగాలూ బడులూ వైద్యమూ అడిగారు. దొరికింది మొదటిది మాత్రమే అన్న ఫోర్మన్ వివరణ ఇక్కడ కీలకమైనది.

ఈ రెండు పాయలూ అంతకుముందే, 1992లో, ఒక బహిరంగ లేఖలో కలిశాయి. బోస్టన్ నగరంలోని డార్చెస్టర్ పేటలో చిన్న చర్చి నడుపుతున్న యూజీన్ రివర్స్, నోమ్ చోమ్‌స్కీ 1967లో వియత్నాం యుద్ధం సందర్భంగా రాసిన ప్రసిద్ధ వ్యాసం శీర్షికను అనుకరిస్తూ, క్రాక్ కొకైన్ యుగంలో మేధావుల బాధ్యత ఏమిటని 'బోస్టన్ రివ్యూ' పత్రికలో ప్రశ్నించాడు. క్రాక్ అంటే చవకగా చిన్న ముక్కలుగా అమ్మే కొకైన్. దాని వ్యాపారమూ దాన్ని అణచే పేరుతో వచ్చిన శిక్షలూ రెండూ పేదపేటలను కుదిపేశాయి. 1986 చట్టం 5 గ్రాముల క్రాక్‌కు, 500 గ్రాముల పొడి కొకైన్‌కు ఒకే కనీస శిక్ష వేసింది. నదికి అవతల హార్వర్డ్‌లో దేశంలోకెల్లా పేరున్న నల్లజాతి పండితులు గుమిగూడుతున్న కాలమది. వారి పాండిత్యం కొద్ది మైళ్ళ దూరంలో చస్తున్న పిల్లలకు ఏం పనికొచ్చిందన్నది రివర్స్ అభియోగం. అదే ఏడాది ఒక అంత్యక్రియల ప్రార్థన జరుగుతుండగా ముఠా సభ్యులు చర్చిలోకి చొరబడి దాడిచేశాక, ఆయనా మరికొందరు మతాచార్యులూ టెన్‌పాయింట్ కోయలిషన్ పేరిట రాత్రులు వీధుల్లో తిరగడం మొదలుపెట్టారు. 1990లో 152గా ఉన్న బోస్టన్ హత్యలు 1999 నాటికి 31కి తగ్గాయి. ఇందులో చర్చిల వాటా ఎంత, పోలీసుల కొత్త వ్యూహం వాటా ఎంత, క్రాక్ విపణి దానంతట అది చల్లారడం వాటా ఎంత అన్నది పరిశోధకుల మధ్య ఇప్పటికీ తేలలేదు.

రివర్స్ ప్రశ్నలో న్యాయం ఉంది, ఒక అన్యాయమూ ఉంది. పండితుడి పని మందగమనం. వీధిలో తుపాకీ పేలుతున్నప్పుడు అది ఎప్పుడూ సిగ్గుపడేలాగే కనిపిస్తుంది. నల్లజాతీయుల సామూహిక ఖైదును విశ్లేషించిన మిషెల్ అలెగ్జాండర్ 2010 గ్రంథం, కాలిఫోర్నియా జైళ్ళ విస్తరణను ఖైదీల తల్లుల సంఘంతో కలిసి పనిచేస్తూ అధ్యయనం చేసిన రూత్ విల్సన్ గిల్మోర్ 2007 గ్రంథం, వీధిగస్తీ చేయలేని పని చేశాయి. రాజకీయ శాస్త్రవేత్త అడాల్ఫ్ రీడ్ 1995లో వేసిన దెబ్బ ఇంతకంటే గురిగా తగిలింది: పత్రికల్లో, టెలివిజన్లలో నల్లజాతి తరఫున మాట్లాడేవారిని ఆ జాతి ఎన్నుకోలేదు, తొలగించనూ లేదు, వారిని ఎంపిక చేసింది శ్వేతజాతి సంపాదకులు, వారి శ్రోతలూ అధికంగా శ్వేతజాతీయులే, కనుక వారిది ప్రాతినిధ్యం కాదు, వ్యాఖ్యానం మాత్రమే అని ఆయన వాదన. రీడ్ భాషలో పరుషత్వం పాలు హెచ్చు, వ్యక్తిగత కక్ష కూడా తొంగిచూస్తుంది. అసలు విషయం మాత్రం ఆయన ప్రత్యర్థులెవరూ తిప్పికొట్టలేకపోయారు.

ఇంతకూ ఈ బాధ్యత నల్లజాతి మేధావికే ఎందుకు? శ్వేతజాతి భౌతికశాస్త్రవేత్తను అపలాచియా కొండల్లోని పేద శ్వేతజాతీయుల గురించి ఎవరూ నిలదీయరు. హార్వర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యుడు రాండల్ కెనడీ 1997లో ఇదే కోణంలో, రక్తబంధంలాంటి జాతిబంధం నుంచి నైతిక విధులు పుట్టవని, సాటిమనిషి కష్టంలో ఉన్నాడన్న కారణమే చాలునని వాదించాడు. దీనికి తాత్త్వికుడు టామీ షెల్బీ 2005లో 'వుయ్ హూ ఆర్ డార్క్'లో ఇచ్చిన సవరణ మెరుగైనది: నల్లజాతీయుల సంఘీభావానికి ఉమ్మడి సంస్కృతి గాని, రక్తం గాని అవసరం లేదు, ఒకే అన్యాయానికి గురవుతున్నవారు దాన్ని కలిసి ఎదిరించడానికి చేసుకొన్న ఒప్పందంగా దాన్ని చూడవచ్చు. ఒప్పందమంటే దానికి షరతులుంటాయి, ఉల్లంఘన అంటే ఏమిటో చెప్పవచ్చు, రెండోపక్షం కూడా నోరువిప్పవచ్చు. జాతిరుణం అన్న భావోద్వేగంలో ఈ వెసులుబాటు ఉండదు. అందులో రుణమెంతో, తీరిందో లేదో మేధావే ప్రకటించుకొంటాడు.

భారతదేశంలో ఇదే ప్రశ్న దళిత ఉద్యమంలో సమాంతరంగా పెరిగింది, రెండూ నేరుగా తాకిన సందర్భమూ ఉంది. 1946లో నల్లజాతీయుల తరఫున ఐక్యరాజ్యసమితికి సమర్పించే విజ్ఞాపన ప్రతిని కోరుతూ అంబేడ్కర్ డుబోయిస్‌కు లేఖ రాశారు, డుబోయిస్ స్నేహపూర్వకంగా బదులిచ్చాడు. అయితే ఇక్కడ చదువుకొన్న దళితుడి జీవనాధారం చాలావరకు రిజర్వేషన్ ద్వారా వచ్చిన ప్రభుత్వోద్యోగం. కాన్షీరాం 1978లో బామ్‌సెఫ్ అనే ఉద్యోగుల సంస్థను నిర్మించినప్పుడు, ఆ ఉద్యోగం సమాజం పోరాడి తెచ్చింది గనుక జీతంలో, తీరికలో, తెలివిలో కొంత సమాజానికి తిరిగివ్వాలని లెక్క చెప్పగలిగాడు. అమెరికాలో ఆచార్య పదవులూ ఫౌండేషన్ గ్రాంట్లూ చాలావరకు ప్రైవేటు సంపద మీద నిలిచినవి కావడంతో అటువంటి సూటిలెక్క కుదరలేదు. అలెక్స్ హేలీ 'రూట్స్' సహవాసి అనువాదంలో 'ఏడుతరాలు'గా తెలుగు ఇళ్ళలోకి వచ్చింది గాని, ఈ వాదోపవాదాలు మాత్రం తెలుగు పాఠకులకు తక్కువగానే చేరాయి.

గత కొన్నేళ్ళలో ప్రశ్న మళ్ళీ రూపు మార్చుకొంది. ఫ్లోరిడా రాష్ట్రం 2022లో జాతి అంశాలను తరగతిలో బోధించే తీరు మీద ఆంక్షల చట్టం తెచ్చి, 2023 జనవరిలో ఉన్నత పాఠశాలల కోసం రూపొందిన ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల పాఠ్యక్రమాన్ని తిరస్కరించి, అదే ఏడాది ప్రభుత్వ కళాశాలల్లో వైవిధ్య కార్యక్రమాలకు నిధులు నిలిపివేసింది. దశాబ్దాలపాటు విశ్వవిద్యాలయంలో స్థానం సంపాదించడమే బాధ్యతలో పెద్దభాగమని నమ్మిన పండితులకు, ఆ స్థానం ఇచ్చినవారు దాన్ని కుదించనూ గలరని తెలిసివచ్చింది. ఆ రాష్ట్రంలోని అనేక నల్లజాతి చర్చిలు నల్లజాతి చరిత్ర పాఠాలను తామే చెప్పడం మొదలుపెట్టాయి. ఆ పాఠాలకు వాచకాలు కావాలి, వాటిని రాయగలిగినవారు అధికంగా విశ్వవిద్యాలయాల్లోనే ఉన్నారు. పదవోన్నతికి లెక్కలోకి రాని ఆ పనికి వారిలో ఎందరు ముందుకొస్తారన్నదీ, రాసినదాన్ని చర్చి బెంచీల మీద కూర్చున్నవారు తిప్పిపంపితే మళ్ళీ రాయడానికి ఎందరు ఒప్పుకొంటారన్నదీ ఇంకా తేలవలసి ఉంది.